బొమ్మ నోటి మీద చెయ్యి

దండెం మీద ఆరిన బట్టలను మడత పెట్టడం నా సాయంకాలపు పనుల్లో ఒకటి. ఎవరి బట్టలు ముందు తియ్యాలో, ఏవి ఏ అరలో సర్దాలో అన్నిటికీ నాకొక క్రమం ఉంది. నిన్న ఆ క్రమం మధ్యలోనే తెగిపోయింది. చీరల పక్కన నేనెన్నడూ చూడని కొత్త అంగీలు వేలాడుతున్నాయి. ఆకుపచ్చ, మట్టిరంగు మరకలు ఒకదానిలోకి ఒకటి పాకినట్టున్న బట్ట. అడవిలో తిరిగే పటాలాలు వేసుకొనేలాంటిది.

మనవరాలిని పిలిచి అడిగాను. ఆమె ఇక్కడే జనగామలో డిగ్రీ చదువుతోంది. కాలేజీలో క్రైస్తవ విద్యార్థుల బృందమొకటి ఉంది. అందులో పాటలు పాడుతుంది, నాటికలు వేస్తుంది. క్రిస్మస్‌కు ముందు వాళ్లంతా భూపాలపల్లి దాటి, అడవి అంచున ఉన్న ఒక గొత్తికోయల గూడేనికి పోతున్నారట. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఊళ్లు విడిచి వచ్చిన వాళ్ల పిల్లల ముందు క్రీస్తు పుట్టుక కథ ఆడతారట. ఆ అంగీలు పసివాడిని చంపడానికి రాజు పంపిన సైనికులకట.

"మస్తు కుదిరినయి అమ్మమ్మా. ప్లాస్టిక్ తుపాకులు గూడ తెచ్చినం," అని సంబరంగా చెప్పింది.

 ఆ అంగీలను దండెం మీదనే వదిలి లోపలికి వచ్చి కూర్చున్నాను. కోపం వస్తే నాకు నోరు లేవదు. చెయ్యి కాగితం కోసం వెతుకుతుంది. చిన్ననాటి నుంచీ ఇంతే. ఏ రోజుకారోజు జరిగినది జరిగినట్టు రాసి పెట్టుకోవడం నా అలవాటు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో అక్కడికే నిన్న రాత్రంతా తిరిగి తిరిగి పోయాను. ఆ మాటలే ఇవి.

మా హాస్టలు ఈ ఊళ్లోనే, రైలు కూత వినిపించే దూరంలో ఉండేది. ఇప్పుడా గోడలు లేవు. ఆ జాగాలో ఏమున్నదో చెప్పడం నాకిష్టం లేదు. కళ్లు మూసుకుంటే మాత్రం వరండా అలాగే వస్తుంది: తడిసిన సున్నం వాసన, పెద్ద గంగాళంలో ఉడుకుతున్న గోధుమరవ్వ వాసన, వాటన్నిటి మీదా విదేశీ సాయంగా ఓడలమీద వచ్చిన పాలపొడి తియ్యటి వాసన. ఆ పొడిని నీళ్లలో కలిపి తాగడం మాకు శిక్ష. దొంగతనంగా గుప్పెడు నోట్లో పోసుకొని, అది అంగిలికి బంకలా అంటుకుంటే నాలుకతో గీకుతూ ప్రార్థనలో నిలబడటం స్వర్గం. ఆమెన్ అనవలసి వచ్చినప్పుడు పెదవులు విడవక మా వరుస వరుసంతా ముక్కులతోనే ఆమెన్ అనేది.

మాకు పాటలు నేర్పే టీచరమ్మ ఒకరుండేవారు. తెల్లచీర, సన్నని కంఠం, తెల్లమీటలు పసుపెక్కిన హార్మోనియం. ప్రతి దసరా సెలవుల్లోనూ ఆమె మాలో కొందరిని ఏరి, పాటల గుంపుగా కట్టి, దూరపు పల్లెలకు తీసుకుపోయేది. వేషాలన్నీ సక్రమంగా ఉండాలని ఆమె పట్టుదల. పసివాడి తండ్రైన వడ్రంగి గడ్డానికి జనపనార దువ్వించేది. తల్లి వేషం నాది. దానికి తన పెట్టెలోని నీలంచీర ఇచ్చేది. పసిబాలుడిని మేమే కుట్టాం. పాత చీరపేలికలతో ఒళ్లు, లోపల పత్తి, నల్లదారంతో కళ్లు. మూతి ఎవరు కుట్టారో గాని కొంచెం వంకరగా కుదిరి, ఆ బిడ్డ ఎప్పుడూ ఏడవబోతున్నట్టే కనిపించేవాడు.

సైనికులకు ఏం తొడగాలన్నది ఆ ఏడు వచ్చిన చిక్కు. మా గుంపులో హాస్యం చెప్పే పిల్ల ఒకతె ఉండేది; తొర్రూరు నుంచి వచ్చింది. వాళ్ల బాపు బస్సు నడిపేవాడు. సెలవులకు ముందు ఆయన పాత ఖాకీ అంగీలు సంచిలో పెట్టుకొని వచ్చింది. టీచరమ్మ వాటిని విప్పి చూసి, సైనికులంటే ఇలాగే ఉండాలని ఎంతో తృప్తిపడింది. మేమూ తృప్తిపడ్డాం. మోకాళ్ల కిందికి జారే ఆ అంగీలు తొడుక్కొని, కాటుకతో మీసాలు దిద్దుకొని, ఒకరినొకరు చూసుకొని కడుపులు పట్టుకొని నవ్వాం.

"అంగి ఏసుకుంటే మా బాపు ఎత్తుకున్నట్టే ఉందే. గదే డీజిల్, గదే బీడీ," అన్నది తొర్రూరు పిల్ల, మెడపట్టీ వాసన చూసుకుంటూ.

ఆ సంవత్సరం మేము పోయింది కాటారం వైపు. ఇప్పుడైతే భూపాలపల్లి దాకా రోడ్డు మీద బొగ్గులారీలే. అప్పుడు ఆ దారిలో బస్సు కిటికీలోకి కొమ్మలు చెయ్యి చాపేవి. మాతో వచ్చిన హాస్టలు వంటవ్వ మూటలోని సర్వపిండి నూనె, బస్సు దుమ్ము, టేకు ఆకుల పచ్చివాసన కలిసి ఒక మత్తు కమ్మింది. నేను నిద్రపోయానో లేదో ఇప్పటికీ చెప్పలేను. కళ్లు తెరిచినప్పుడల్లా అదే అడవి, అదే ఎండ. మేము కదలకుండా చెట్లే వెనక్కి నడిచిపోతున్నట్టుండేది.

అడవి అంచున చిన్న పెంకుల ప్రార్థనామందిరంలో మా బస. సాయంత్రమైతే ఊరివైపు నుంచి బతుకమ్మ చప్పట్లు గాలిలో తేలి వచ్చేవి. మా పాటలు సాధన చేస్తూ మేము కాళ్లతో ఆ చప్పట్లకు తాళం వేసేవాళ్లం. టీచరమ్మకు తెలుసు. హార్మోనియం వేగం మా కాళ్లకు తగినట్టు పెరగడం నేను గమనించాను గాని ఎవరికీ చెప్పలేదు.

వాగు దాటితే ఆకుల గుడిసెలు. ఎండాకాలంలో నది అవతలి నుంచి వచ్చిన కోయ కుటుంబాలవి. అవతల వాళ్ల ఇళ్లు ఎవరో కూల్చి తరిమారని మాత్రం కాటారంలో చెప్పుకున్నారు. అంతకుమించి అడిగినవారు లేరు. ఇక్కడ పొదలు కొట్టి ఇంత మక్కజొన్న వేసుకున్నారు. కంకులు పాలుపోసుకొని గింజ గట్టిపడుతున్న రోజులు. ఆ చేను కోతకు వస్తేనే వాళ్లకు చలికాలం గడిచేది. పొద్దస్తమానం ఎవరో ఒకరు ఆ చేను చుట్టూ తిరుగుతూనే ఉండేవారు.

వాళ్ల మాట మాకు రాదు. మా మాట, సంతకు పోయివచ్చే ఒక తాతకు తప్ప, వాళ్లకు రాదు. మొదటిరోజు బుర్రకథ చెప్పాం. పిల్లలు చెట్ల వెనక నిలబడి, మా గుమ్మెటనే చూశారు. కథలో ఒక్క మాట అందలేదు. కానీ హాస్యం చెప్పే పిల్ల కళ్లు తిప్పి, తానే తన చెంప మీద కొట్టుకొని కిందపడగానే ఒక చెట్టు వెనక నుంచి కిసుక్కుమన్న శబ్దం వచ్చింది. మరునాటికి చెట్లు విడిచి ముందుకు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో ఆరేడేళ్ల పిల్ల ఒకతె, ఎప్పుడూ తమ్ముణ్ని చంకనెత్తుకునే ఉండేది. నా ఒళ్లోని బొమ్మను చాలాసేపు పరిశీలించి, దాని వంకరమూతిని వేలితో సరిచెయ్యబోయింది. కుదరక, నావైపు జాలిగా చూసింది. నేను కాల్చిన కంకి ఒలుచుకోలేక అవస్థ పడుతుంటే తీసుకొని, గింజలు వలిచి, ఒకటి తమ్ముడికి, ఒకటి నాకు, ఒకటి బొమ్మ మూతికి అంటించి తినిపించింది. ఆ పొగవాసన, ఆ లేతగింజ తీపి ఇంకా నా నాలుక మీద ఉన్నాయి.

మూడోరోజు నాటిక. మాటలు లేకుండా ఆటతోనే అర్థమయ్యే కథ కావాలని టీచరమ్మ ఆలోచించి, పసివాడిని తీసుకొని తల్లిదండ్రులు పరాయిదేశానికి పారిపోయే ఘట్టం ఎంచుకుంది. నేను బొమ్మను పక్కన గడ్డి మీద పడుకోబెట్టాను. జనపనార గడ్డపు వడ్రంగి కునుకు తీస్తున్నట్టు నటించాడు. గుమ్మెట దబదబ మోగింది. గుడిసె వెనక నుంచి ఖాకీ అంగీలు, కాటుకమీసాలు, వెదురుకర్రలు ఒక్కసారిగా దూకాయి.

నవ్వుతారనుకున్నాం.

పిల్లలు లేరు. ఇసుకలో నీళ్లు ఇంకినట్టు ఇంకిపోయారు. ఒక్క కేక లేదు. ఒక్క ఏడుపు లేదు. నేను చూసింది ఆ ఆరేడేళ్ల పిల్లను మాత్రమే. ఎందుకంటే ఆమె అందరిలా వెనక్కి గాక నావైపు పరుగెత్తింది. ఎడమచంకలో తమ్ముడు. వంగి, కుడిచేత్తో గడ్డిమీది బొమ్మను ఎత్తి గుండెకు అదుముకొని, అరచేతితో దాని నోరు మూసి, అడవిలోకి పోయింది. తమ్ముడి నోటిని ఆమె ముయ్యలేదు. వాడికి అక్కర్లేదు, వాడు అప్పటికే నేర్చుకున్నాడు. ఈ కొత్తవాడికే తెలియదు.

టీచరమ్మ మీటలనే చూస్తూ ఇంకా వాయిస్తోంది. గుమ్మెట ఆగిన తర్వాత గాని తల ఎత్తలేదు. అప్పటికే ఆ తల్లులు పొయ్యిల మీది కుండలు దించుతున్నారు. నిప్పుల మీద నీళ్లు పోశారు. చాపలు చుట్టారు. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, మావైపు చూడనైనా లేదు. తడిబూడిద వాసన ఒక్కటే లేచింది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నా అడుగు ఆగిపోతుంది.

సంత తెలుగు వచ్చిన తాత వచ్చి ఒక ఖాకీ అంగీ కొసను పట్టుకొని, వేళ్ల మధ్య నలిపి చూశాడు. అవతలి ఒడ్డున ఇళ్లు కూల్చినవాళ్లు ఇవే తొడుక్కొని వచ్చారట. మీరు ఆడపిల్లలని మాకు తెలుస్తూనే ఉంది, కానీ మా కట్టుబాటు ఇది అన్నాడు. పిల్లలు అడవిపట్టిన చోటు చెడ్డచోటు. పెద్దలు కూడా వెనకే పోవాలి, మళ్లీ అక్కడికి రాకూడదు. చేను ఉన్నా అంతే. పొద్దు దిగేలోపల పిల్లలు వాళ్లంతట వాళ్లే తిరిగి వస్తే మాత్రం ఆ నేల మంచిదే అని ఉండిపోతారు.

టీచరమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. అడవివైపు తిరిగి, చేతులు నోటికి ఆనించుకొని పిలవబోయింది. తాత ఆమె చేతులను కిందికి దించాడు.

"పిలువకు అమ్మా. అప్పుడు గూడ గట్లనే పిలిసిన్రు, తియ్యతియ్యగ. పిలిస్తె రావద్దని మేమే నేర్పినం," అన్నాడు.

టీచరమ్మ హార్మోనియం పెట్టె మీద కూలబడింది. మా వంటవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. కంకులు ఎండలో బంగారంలా నిలబడి ఉన్నాయి. మేము వచ్చింది ఆ పిల్లలకు సంతోషం కలిగించడానికి. ఆ చేను వాళ్ల నోటికి దక్కకుండా పోబోతోంది. పిలవకుండా ఎట్లా రప్పించడం?

అప్పుడు తొర్రూరు పిల్ల, ఉక్కకు తాళలేకనో, సిగ్గు పట్టలేకనో, తన అంగీ విప్పేసింది. లోపల మామూలు గౌను. తాత ఆమె వంక చూసి చెయ్యి చాచాడు. "అంగి ఈయ్," అన్నాడు. అవి అరువు బట్టలని టీచరమ్మ గొణిగింది. "మా బాపుయే గద, నేను చెప్పుకుంట తియ్యి టీచరమ్మా," అని ఆ పిల్ల ఇచ్చేసింది. తాత రెండు కర్రలను అడ్డంగా కట్టి, దానికి అంగీ తొడిగి, చేను మధ్యలో పాతాడు. పిట్టలను బెదిరించే బొమ్మ. చేతులు చాచుకొని, తల లేకుండా నిలబడింది.

ఒక ముసలమ్మ మట్టిపెళ్ల తీసి దాని పొట్టమీద విసిరింది. తొర్రూరు పిల్లకు ఆట అర్థమైంది. మీసం చెరుపుకోకుండానే గుమ్మెట తీసుకొని, ఆ తలలేని సైనికుని ముందుకు పోయి హాస్యం మొదలుపెట్టింది. "ఏందిరా, బువ్వ తిన్నవా? తలకాయేది, అత్తగారింట్ల మరిసినవా? జేబుల టికెట్లున్నయా, ఉత్తగనే ఎక్కినవా బస్సు?" అంటూ ప్రతి ప్రశ్నకూ ఒక దరువు, ప్రతి దరువుకూ ఒక మట్టిపెళ్ల. తల్లులు చాపలు చుట్టడం ఆపి చూస్తున్నారు.  ఎండ మెల్లగా పసుపెక్కి, చేను మీద పొగలా పరుచుకుంది.

చాలాసేపటికి అవతలి చెట్ల లోపలి నుంచి ఒక మట్టిపెళ్ల గాలిలోకి లేచి, వంపు తిరిగి, అంగీ భుజం మీద పడి పగిలింది. ఎవరూ అటు తిరగలేదు. తిరగవద్దని తాత కళ్లతోనే చెప్పాడు. ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాత వర్షమే. చివరికి ఆకుల్లోంచి ఒక తల, ఒక చెయ్యి, కిసుక్కుమన్న నవ్వు. ఒక్కొక్కరే, పెళ్ల విసిరే వంకన దగ్గరికి వచ్చి వచ్చి, తమ తల్లుల పక్కన నిలబడ్డారు.

ఆ పిల్ల రాలేదు. తమ్ముడు రాలేదు. ఆమె తల్లి కట్టిన మూటను విప్పకుండా నెత్తి మీదనే ఉంచుకొని నిలబడింది. ఒక్కరు రాకున్నా ఎవరూ రానట్టే లెక్క. సూర్యుడు చెట్ల కొనలను తాకాడు. తాత నా నీలంచీర వైపు చూశాడు.

"దానికాడ ఉన్నది నీ బిడ్డ. నువ్వు పో. పిలువకు," అన్నాడు.

నేను పోయాను. ఇప్పుడు తలచుకుంటే ఆ నడక కలలోదిలాగే ఉంటుంది. చీరకుచ్చిళ్లకు గడ్డివిత్తులు అంటుకుంటున్నాయి. ఎండుటాకుల కింద చీమలవాసన, ఎక్కడో తేనెవాసన, వెనక దూరంగా గుమ్మెట. ఎంత దూరం పోవాలో ఎవరూ చెప్పలేదు. ఒక ఇప్పచెట్టు మొదట్లో కూర్చొని, ఖాళీ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాను. తల్లి వేషం వేసిన నాకు తల్లి ఏం చెయ్యాలో తెలియదు. ఊరికే కూర్చున్నాను. వెలుతురు ఆకుల మధ్య నుంచి నాణెం నాణెంగా జారి నా చీరమీద పడి, ఆరిపోతూ ఉంది. అడవి ఊపిరి పీల్చుకుంటున్నట్టు అనిపించింది. తర్వాత తెలిసింది, అది నా వెనకనున్న పొదలో ఇద్దరు పిల్లల ఊపిరి.

ఆమె చెయ్యి చాస్తే అందేంత దగ్గరలోనే ఉంది. నేను వచ్చినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. తమ్ముణ్ని పక్కన దించి, లేచి వచ్చి నా ఎదుట నిలబడి, ముందు నా ముఖం చూసింది. తర్వాత నా వెనక చూసింది. నేను ఒంటరినని రూఢి చేసుకున్నాక బొమ్మను నా ఒళ్లో పడుకోబెట్టింది. అరచెయ్యి మాత్రం దాని మూతి మీది నుంచి తియ్యలేదు. రెండోచేత్తో నా కుడిచెయ్యి పట్టుకొని, తెచ్చి, తన చేతి మీద పెట్టి, కిందినుంచి తన చేతిని నెమ్మదిగా లాగేసుకుంది. ఇప్పుడు బిడ్డ నోటి మీద నా చెయ్యి ఉంది. సరిగ్గా ఉందో లేదో వంగి చూసి, నా వేళ్లను కొంచెం దగ్గరికి జరిపింది. ముక్కు మూతపడకుండా.

మేము వెనక్కి వచ్చేసరికి పొద్దు ఇంకా కొస మిగిలి ఉంది. తల్లి మూట దించింది. ఎవరో మళ్లీ పొయ్యి రాజేశారు.

తరువాతి ఆదివారం జనగామ ప్రార్థనామందిరంలో మా పర్యటన గురించి పెద్దలొకరు చదివి వినిపించారు. పిల్లలు నాటికను ఎంతో ఆనందంగా తిలకించారని, పూర్తి నిశ్శబ్దంతో ఆలకించారని అందులో ఉంది. టీచరమ్మ తల వంచుకొని కూర్చుంది. అందరూ సంతోషించారు. నాకు చెవులు కాలిపోయాయి. నిశ్శబ్దం నిజమే, అది ఎలాంటి నిశ్శబ్దమో ఎవరు అడిగారు? ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు కొనిపించుకొని జరిగింది జరిగినట్టు రాశాను. అది మొదలు.

మరుసటి దసరాకు మేము మళ్లీ పోయాం. గుడిసెలు లేవు. చేను కోసుకొనే పోయారు, అంతవరకు కాటారం సంతలో తెలిసింది. కోత తర్వాత ఎవరు పొమ్మన్నారో, ఎటు పోయారో చెప్పినవారు లేరు. మోళ్ల మధ్యలో కర్ర ఒరిగి ఉంది. దాని మీద ఎండకు తెల్లబడిపోయిన అంగీ. చాచిన చేతి మీద ఒక పిట్ట నిర్భయంగా కూర్చొని ఉంది.

పెద్దయ్యాక నేను ఉపాధ్యాయురాలినై మహబూబాబాద్‌లోనూ, దంతాలపల్లిలోనూ, అడవి పల్లెల్లోనూ పనిచేశాను. ఎక్కడికి పోయినా అడవి అవతలి నుంచి వచ్చినవాళ్ల పిల్లలున్నారా అని అడిగేదాన్ని. ఉన్నారనేవారు. బడిలో ఉన్నారా అంటే, వాళ్లు ఇక్కడివాళ్లు కారు గదా అనేవారు. ఇక్కడే పుట్టిన బిడ్డ ఇక్కడివాడు కావడానికి ఇంకా ఏం చెయ్యాలో నాకు ఏ అధికారీ చెప్పలేదు. అడగడం నేను మానలేదు.

ఈ ఉదయం మనవరాలిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను.  ఆమె చిన్నగా, "మరి సైనికులు లేకుంటే నాటిక ఎట్లయితది అమ్మమ్మా? తల్లి ఎందుకు ఉరుకుతుందో ఆ పిల్లలకెట్ల తెలుస్తది?" అని అడిగింది.

నాటికకోసం తెచ్చిన బొమ్మను తెమ్మన్నాను. బజారు బొమ్మ, గులాబీరంగు ప్లాస్టిక్ బుగ్గలు. "సైనికులను చూపించకు బిడ్డా. తల్లి ఒక్కసారి వెనక్కి చూసి, బిడ్డ నోటి మీద చెయ్యి పెడితే చాలు. వచ్చేదెవరో వాళ్లకు తెలుసు," అన్నాను. ఎట్లా పట్టుకోవాలో చూపించాను. వేళ్లను కొంచెం దగ్గరికి జరిపాను, ముక్కు మూతపడకుండా.

ఆమె బయటికి పోయి ఆ అంగీలను దండెం మీది నుంచి తీసింది. కాసేపటికి వాకిట్లో ఒక్కతే సాధన మొదలుపెట్టింది. బొమ్మను గుండెకు అదుముకొని నాలుగడుగులు నడిచి, ఆగి, వెనక్కి చూసి, అరచేతితో దాని నోరు మూసింది. వాకిలి ఖాళీ. దండెం ఖాళీ. అయినా గుమ్మంలో నిలబడి ఉన్న నేను కూడా, ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.